సగం చెప్పిన సువార్త

గాలి ఆగిపోయింది. యేసమ్మకి నచ్చనిది అదే. పొద్దుటి నుంచి ఈశాన్యపు గాలి ఒకటే విసురు. గుడిపాక మీద తాటాకు లేచిపోతోందని మగవాళ్లు నిచ్చెన వేసుకుని తాళ్లు బిగించారు, ఆడవాళ్లు కొంగులు తలచుట్టూ చుట్టుకుని పిల్లల్ని లోపలికి తోలారు. అంతవరకూ బాగానే ఉంది, కొల్లేటి ఒడ్డున బతికేవాళ్లకి గాలి కొత్తా? కానీ ఉన్నట్టుండి ఇలా ఆగిపోతే ఏమనుకోవాలి? తుంగ కదలడం లేదు. కిక్కిస పొదల్లో ఒక్క ఆకు కదలడం లేదు. నీళ్ల మీద మెరుపుంది గానీ వెలుగు లేదు. గూడబాతులు తెల్లవారక ముందే లేచి పడమటికి పోయాయి, కొంగలు కూడా పోయాయి, రోజూ గట్టు మీద కాళ్లకి అడ్డంపడే పీతలు ఏ బొరియలో దూరాయో ఒక్కటీ లేదు. నోరులేని జీవాలన్నిటికీ ఎవరో కబురు చెప్పి పంపేసి, తనకి మాత్రం చెప్పకుండా ఇక్కడ నిలబెట్టినట్టుంది. మామూలు రోజున ఈ గట్టు మీద నుంచి చూస్తే దక్షిణాన లంకలో తాటిచెట్లు కనిపిస్తాయి, వాటి కింద చేపలవాళ్ల గుడిసెలు కనిపిస్తాయి. ఇవాళ లంక ఉండాల్సిన చోట ఉత్త బూడిదరంగు. ఆ బూడిదరంగులో ఎక్కడో మంగతాయారు ఉంది. బయల్దేరిందో లేదో. బయల్దేరకుండా చెయ్యి తండ్రీ, దాని దోనెకి చిల్లు పెట్టు, దాని బిడ్డకి కాస్త ఒళ్లు వెచ్చబెట్టు, ఏదో ఒకటి చేసి ఆపు. ఇలా వేడుకుంటున్నందుకు యేసమ్మకి తన మీద తనకే ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ అది రావాలి, రావాలి అని మోకాళ్లు అరిగేలా ప్రార్థన చేసింది తనే.

పొద్దున్నే చేపలగంప నెత్తిన పెట్టుకుని సూరమ్మ వచ్చింది. గాలి ముదరక ముందే లంక నుంచి వచ్చేసిన ఆఖరి మనిషి అదే. గంప దించకుండానే కబురు పారేసింది. "మంగతాయారు ఇవాళ వత్తాదంటమ్మా, మీ అయ్యగారి దగ్గర పేరిత్తాదంట. గాలొచ్చినా వత్తానని చెప్పమంది. మీ సామి పడవలో ఉంటే మునగదంట గదా!" అని పకపకా నవ్వింది. యేసమ్మ కూడా నవ్వింది. పేరివ్వడమంటే మాటలా? ఏలూరు నుంచి బాప్తిస్మాలిచ్చే అయ్యగారు బండి కట్టించుకుని ఇంత దూరం వచ్చేది ఎప్పుడో గానీ కాదు. ఆయన ముందు నిలబడి, నేను ఈ దారిలోకి వస్తాను, నేర్పండి అని చెప్పుకోవాలి. పేటలో వాళ్లు కాకుండా లంక నుంచి, చేపలు పట్టే కులంలోంచి, ఒక్కరంటే ఒక్కరు ఇంతవరకూ రాలేదు. మొట్టమొదటి మనిషి యేసమ్మ వల్ల వస్తోంది. తుంగ కోసి చాపలు అల్లుకునే యేసమ్మ వల్ల, అక్షరం ముక్క రాని యేసమ్మ వల్ల. పొద్దున్న ఈ ఆలోచన నోట్లో బెల్లంముక్కలా ఉంది. సూరమ్మ నవ్వి పారేసిన ఆ ఆఖరి మాట అప్పుడు చెవిన పడిందే గానీ లోపలికి దిగలేదు. ఇప్పుడు ఈ నిశ్శబ్దంలో నిలబడితే, ఆ ఒక్కటే వినిపిస్తోంది. మునగదంట గదా.

ఇదంతా సాక్ష్యాల వారంతో వచ్చింది. కలుపులు అయిపోయి కోతలు ఇంకా రాని రోజులు, తిండికి కటకట గానీ తీరికకి కరువు లేదు. ఆ వారం పేటలో బాప్తిస్మం పుచ్చుకున్న ప్రతివాళ్లూ, ఆడా మగా, చదువొచ్చినా రాకపోయినా, ఎవరో ఒకరికి చెప్పి తీరాలి. చెప్పడం అయ్యగారి పని, మిషను దొరగారి పని, జీతం తీసుకునే వాళ్ల పని అనుకుంటే కుదరదు. గుడిపాకలో అందరినీ లేపి నిలబెట్టారు, పేటలో బడీ గుడీ చూసుకునే క్రీస్తుదాసు పంతులుగారు. ఎవరి కుడిచెయ్యి వాళ్ల నెత్తిన పెట్టుకోమన్నారు. విన్న మంచిమాట నాలోనే దాచుకుంటే ఆ పాపం నా నెత్తి మీదే అని అందరి చేతా అనిపించారు. తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పిన మాట అంటే మాటలు కాదు. యేసమ్మ చిన్నప్పుడు పెంటపాడులో అలాంటి ఒట్టు తప్పిన మనిషికి ఏమైందో అమ్మమ్మ చెప్తే రాత్రంతా నిద్రపోలేదు. అది వేరే ఒట్టు, ఇది వేరే ఒట్టు అని పంతులుగారు అనొచ్చు. చెయ్యి అదే, నెత్తి అదే కదా. వారం తిరిగేసరికి మళ్లీ అందరూ లేచి, ఎవరికి చెప్పారో పేరు పెట్టి చెప్పాలి. పంతులుగారి భార్య విక్టోరియా లేచి మూడు పేర్లు చెప్పింది, మూడూ కమ్మవారి వీధిలోవి. చదువుకున్న మనిషి, తెల్లచీర కట్టుకుని ఏ వీధిలోకి వెళ్లినా అరుగు మీద పీట వేస్తారు. యేసమ్మకి పీట వెయ్యడం అటుంచి, గుమ్మం ముందు ఆగి "అమ్మా" అంటే చాలు, చాపలు వద్దు పొమ్మంటారు. తను ఎవరికి చెప్పాలి? గేదెలకి చెప్పాలా? ఆ రోజు గుడిలో కూర్చుని, తన వంతు దగ్గరపడుతుంటే చెమటలు పట్టాయి. అప్పుడు నోటికొచ్చిన పేరు మంగతాయారు. చెప్పానని చెప్పేసింది. అప్పటికింకా చెప్పలేదు. ఆ సాయంత్రమే పరుగున వెళ్లి చెప్పింది.

మంగతాయారు పరిచయం తుంగలోనే. యేసమ్మ మొలలోతు నీళ్లలో నిలబడి తుంగ కోస్తుంటే అది దోనె వేసుకుని వచ్చేది, మాట్లాడేది. చాప ఇస్తే చేపలు ఇచ్చేది. చేతికి ఇచ్చేది కాదు, తామరాకులో పెట్టి గట్టు మీద ఉంచితే యేసమ్మ తీసుకునేది. దానికి తప్పు పట్టడానికేముంది, లోకం నడిచే తీరు అది. "ఏమే యేసమ్మా" అని పిలిచేది. యేసమ్మ కంటే ఎంతో చిన్నది, అయినా అలాగే పిలిచేది. యేసమ్మ "మంగతాయారమ్మా" అనేది. దానికి కొల్లేరంటే భయం. నవ్వు రాదూ, చేపలు పట్టేవాడి పెళ్లాం, నీళ్ల మీద పుట్టి నీళ్ల మీద పెరిగిన మనిషి! దాని తమ్ముడు వలలో చిక్కుకుని మునిగిపోయినప్పటి నుంచి మొగుడు ఏడుకొండలు దోనె ఎక్కిన ప్రతిసారీ దానికి అన్నం దిగదు. అమ్మవారికి కోడిని మొక్కుతుంది, కొబ్బరికాయ మొక్కుతుంది, రెండు మొక్కులు తీరేలోగా మూడోది మొక్కుతుంది. ఆ సాయంత్రం యేసమ్మ దానికి చెప్పడానికి ఎన్ని కథలు లేవు? పుట్టిన కథ ఉంది, సిలువ కథ ఉంది, తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు కథ ఉంది. అవేవీ కాదు, పడవ కథే ఎత్తుకుంది. ఎవరికి ఏది రుచో చూసి వడ్డించాలని పంతులుగారే అన్నారు మరి. సముద్రమంత పెద్ద సరస్సు, మన కొల్లేరులాంటిదే అని మొదలుపెట్టింది. ప్రభువు పడవలో తలకింద ఏదో పెట్టుకుని నిద్రపోతున్నాడు, గాలి లేచింది, నీళ్లు పడవలోకి కొడుతున్నాయి, వెంట ఉన్నవాళ్లూ చేపలవాళ్లే, మీలాంటి వాళ్లే, చచ్చిపోతున్నాం లేవయ్యా అని లేపారు. ఆయన లేచి గాలిని కసిరాడు. అంతే, ఆగిపోయింది. చెప్తుంటే యేసమ్మకే ఒళ్లు పులకరించింది. ఇంత బాగా చెప్పగలనని తనకే తెలీదు. మంగతాయారు గెడకర్ర నీళ్లలో గుచ్చి, దాని మీద గడ్డం ఆనించి వింటోంది.

"ఆయనకేం కోత్తారు? కోడా, మేకా?" అంది.

"ఏమీ కొయ్యక్కర్లేదమ్మా. పిలిస్తే చాలు."

"పిలిస్తే వత్తాడా? మా దోనెలోకి కూడానా?"

"ఎందుకు రాడూ?"

"ఆయనుంటే మునగదా అక్కా?"

అక్కా అంది. ఇన్నేళ్లలో మొదటిసారి. ఆ పిలుపుకి యేసమ్మ గుండె నీరైపోయింది. ఆ క్షణంలో దానికి ఏదైనా ఇచ్చేసేది, కట్టుకున్న చీర అడిగినా ఇచ్చేసేది. "మునగదు" అని చెప్పింది. ఒక్క మాట. ఆ మాట బయటికొచ్చిన మరుక్షణమే అది తప్పని తెలిసింది గానీ, మంగతాయారు మొహం చూస్తే వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆ పిల్ల మొహంలో భయం ఆ రోజు పోయింది. ఎంత బాగుంది ఆ మొహం.

"యేసమ్మా, ఇంకా ఇక్కడేనా?" అని వెనక నుంచి విక్టోరియా. గుడిపాక గుమ్మంలో నిలబడి పిలుస్తోంది. రైలుపట్టా ముక్క మీద రెండో గంట కూడా కొట్టారు. "అయ్యగారు మొదలుపెట్టేస్తున్నారు, రా. చూశావా, గాలి కూడా ఆగిపోయింది, ఆరాధన కోసమే ఆపినట్టున్నాడు దేవుడు."

"అలా అనకండమ్మగారూ" అంది యేసమ్మ.

"ఏమన్నానే?"

"ఏమీ లేదండి. మీరు పదండి, నేనొస్తాను. ఆ పిల్ల వచ్చేదాకా ఉంటాను."

విక్టోరియా లోపలికి వెళ్లిపోయింది. మంచి మనిషే, ఏమీ తెలియక అంది. లోపల పాట ఎత్తుకున్నారు. డప్పు లేకుండా, తాళాలతో మెల్లగా, సాగదీసి పాడుతున్నారు. పాకలోంచి పాట ఎప్పుడూ గాలికి చెదిరిపోయి ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఇవాళ ఒక్క మాట కూడా చెదరకుండా నీళ్ల మీదికి వెళ్తోంది. ఎంత దూరం వెళ్తోందో. లంక దాకా వెళ్తోందేమో. అక్కడ వాళ్లు వింటున్నారేమో. దేవుడు ఆపాడు. సరిగ్గా ఈ మాటే అన్నాడు తన మొగుడు పాపారావు కూడా. వద్దు, ఆ సంగతి వద్దు. ఆ సంగతి తలుచుకోనని తాడేపల్లిగూడెంలో రైలెక్కినప్పుడే అనుకుంది, రెండు గిన్నెలూ ఒక బొంతా మూటకట్టుకుని అన్న ఇంటికి, ఈ కొల్లేటి ఒడ్డుకి వచ్చిన రోజునే అనుకుంది. మొగుడు ఎలా పోయాడని ఇక్కడ అడిగిన వాళ్లందరికీ జ్వరం వచ్చి పోయాడని చెప్పింది. జ్వరం అంటే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. జ్వరంతో ఎవరు పోలేదు? మంగతాయారుకి కూడా అదే చెప్పింది. అది అయ్యో అంది, చేపలు ఇంకో రెండు ఎక్కువ పెట్టింది.

జ్వరం కాదు. కాలవ. ఉప్పు గొడవలు జరిగిన ఏడాది, కార్తీకంలో, పెంటపాడు దగ్గర. పాపారావు ధాన్యం పడవ మీద పనిచేసేవాడు. అతను బాప్తిస్మం పుచ్చుకున్నాకే యేసమ్మని చేసుకున్నాడు, ఆ మాటకొస్తే యేసమ్మకి ప్రార్థన నేర్పింది అతనే. పడవ కథ తనకి చెప్పింది కూడా అతనే. ఆ రోజు కూడా గాలి. పడవని ఒడ్డున కట్టేసి, చెట్ల కింద ముడుచుకుని కూర్చున్నారు. అతను కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు, అందరికీ వినపడేలా చేశాడు. తను అన్నం తీసుకెళ్లి అక్కడే ఉంది, చూసింది. చేస్తుండగానే గాలి ఆగింది. ఇలాగే, ఉన్నట్టుండి, ఒక్క ఆకు కదలకుండా. ఆపేశాడు చూడండ్రా అని లేచాడు పాపారావు. ఆ నవ్వు! పడవ నడిపే ముసలి సరంగు ఒకాయన, ఒరే ఇది ఆగడం కాదు, గాలి అటు నుంచి ఇటు తిరుగుతోంది, దీని రెండో సగం వెనకే ఉంటది అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వింటేగా. ధాన్యం తడిసిపోతోందని యజమాని తొందర ఒకటి, దేవుడే దారిచ్చాడన్న ధైర్యం ఒకటి. కట్టు విప్పారు. నడి కాలవలోకి వెళ్లేసరికి దక్షిణం నుంచి వచ్చి పడింది. తను ఒడ్డు మీద ఉంది. చూస్తూనే ఉంది. అతను పిలిచాడు. తనని కాదు, ఆయన్ని. ఆ కేకలన్నీ యేసమ్మ చెవులారా విన్నది. తర్వాత నీళ్లూ గాలీ తప్ప ఏమీ లేదు.

ఇంత జరిగాక కూడా యేసమ్మ గుడి మానలేదు. ఎందుకు మానలేదని ఎవరైనా అడిగితే చెప్పడం చేతకాదు. అతను పోయిన రాత్రి ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే, పక్కన ఎవరో కూర్చున్నట్టు అనిపించింది. తన ఏడుపు ఆపలేదు, ఏమీ మాట్లాడలేదు, ఉత్తినే కూర్చున్నాడు. తెల్లవారేదాకా లేవలేదు. యేసమ్మ దగ్గర ఉన్న సువార్త మొత్తం అంతే. నిజానికి ఎవరికైనా చెప్పాల్సింది అదే. కానీ అది ఎలా చెప్తావ్? మా ఆయన ఈ దేవుణ్ణి పిలుస్తూ మునిగిపోయాడు, అయినా దేవుడు మంచివాడు, నువ్వు కూడా రా అంటే ఎవరొస్తారు? బజారులో వంకాయలు అమ్మే మనిషి పుచ్చిన కాయ తీసి పైన పెట్టుకుని అమ్ముతుందా? ముందు రానీ, తర్వాత తెలుసుకుంటుందిలే, పాలు తాగే బిడ్డకి మొదటి రోజే కారం పెడతామా, ఇలా ఎన్ని చెప్పుకుందో. అన్నీ బాగానే కుదిరాయి. అసలు కారణం అవేవీ కాదని ఈ గట్టు మీద, ఈ పాడు నిశ్శబ్దంలో తెలుస్తోంది. గుడిలో లేచి నిలబడినప్పుడు చెప్పడానికి తనకి ఒక పేరు కావాలి. అదీ కాక, అక్కా అనే పిలుపు ఇంకోసారి వినాలి. సిగ్గేసింది యేసమ్మకి.

నీళ్లలో ఏదో కదిలింది. కాదు, కదల్లేదు. కళ్లు మోసం చేస్తున్నాయి. లంకలో వాళ్లకి తెలీదా ఏం, తరతరాలుగా నీళ్ల మీద బతుకుతున్న వాళ్లు. గాలి లేస్తే వాళ్లు ఎవరూ దోనె విప్పరు. పిల్లాపాపలతో ఊరి చివర దిబ్బ ఎక్కి, వలలు కప్పుకుని, ఒకరినొకరు పట్టుకుని కూర్చుంటారు. నీళ్లు గుడిసెల్ని ఎత్తుకుపోయినా దిబ్బని ఎత్తుకుపోవు. రెండు రోజులైనా అలాగే కూర్చుంటారు. మంగతాయారు కూడా దిబ్బ మీదే ఉండి ఉంటుంది. ఏడుకొండలు మంచీ చెడ్డా తెలిసిన మనిషి, పెళ్లాన్ని రానివ్వడు. ఉండి ఉంటుంది. తండ్రీ, ఉండి ఉండనీ. దక్షిణాన ఆ బూడిదరంగు అడుగున నల్లటి గీత ఒకటి మొదలైంది. ఇందాక అది లేదు. లోపల పాట అయిపోయి అయ్యగారి గొంతు వినిపిస్తోంది, మెత్తగా, నిద్ర తెప్పించేలా. తుంగ ఇంకా కదలడం లేదు.

అప్పుడు కనిపించింది. ముందు గెడకర్ర, తర్వాత మనిషి, తర్వాత దోనె. మంగతాయారే. కిక్కిస పొదల్ని చీల్చుకుని వచ్చేస్తోంది, చేతులు సంబరంగా గెడ వేస్తున్నాయి, వీపున బిడ్డని కట్టుకుంది. యేసమ్మ గట్టు దిగి నడుములోతు నీళ్లలోకి వెళ్లిపోయింది, దోనెని రెండు చేతులతో పట్టుకుంది. బతికే ఉంది, వచ్చేసింది, ఇంకేం కావాలి. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, దాన్ని చెంపమీద ఒక్కటి కొట్టాలనిపించింది.

"చూసేవా అక్కా!" అంది మంగతాయారు. రొప్పుతోంది. కళ్లు వెలిగిపోతున్నాయి. "పిలిచేను. దిబ్బ మీద అందరి ముందూ నిలబడి పిలిచేను. నువ్వు చెప్పినట్టే పిలిచేను. ఆగిపోయింది! అందరూ చూసేరు!"

"సరేలే, ముందు బిడ్డని దింపు. పైకి రా."

"అందరికీ చెప్పేనక్కా. పడవ కథంతా చెప్పేను. మా అత్త అయితే ఏడిచింది. వత్తన్నారు."

"ఎవరు?"

"మా లంకంతా. నేను తేలిక దోనె గనక ముందొచ్చేసేను. ఎనకాల వత్తన్నారు, ముసలోళ్లు, పిల్లలు, అందరూ. మా ఆయనొద్దన్నాడు, ఈ గాలి మంచిది కాదన్నాడు. మా అత్త ఊరుకోలేదు. ఆయన కూడా చేసేది లేక గెడ పట్టుకున్నాడు. అయ్యగారు ఇయాళ ఉన్నారు గదా, అందరం పేర్లిచ్చేద్దామని."

యేసమ్మ చేతులు దోనె అంచు మీద అలాగే ఉండిపోయాయి. దిబ్బ దిగారు. పిల్లలతో దిగారు. ఆమె మంగతాయారు భుజం మీదుగా చూసింది. నల్లటి గీత ఇప్పుడు గీతలా లేదు, గోడలా ఉంది. తుంగ కొసలు వణుకుతున్నాయి, ఈసారి ఇటు వైపుకి.

"మా ఆయన జ్వరంతో పోలేదు" అంది.

మంగతాయారుకి అర్థం కాలేదు. యేసమ్మ చెప్పింది. ఊపిరి తీసుకోకుండా, వరసగా, ఒక్కటీ దాచకుండా చెప్పింది. కాలవ, ప్రార్థన, ఆగిన గాలి, విప్పిన కట్టు, ఆ కేకలు. మునగదని తను చెప్పిన మాట ప్రభువు చెప్పిన మాట కాదని, తనే కలిపి చెప్పిందని చెప్పింది. చెప్తున్నంతసేపూ మంగతాయారు మొహం చూస్తూనే ఉంది. అందులో వెలుగు ఎప్పుడు పోయిందో కూడా చూసింది.

"నీ కళ్ల ముందేనా?" అంది మంగతాయారు చివరికి.

"నా కళ్ల ముందే."

"అయినా నువ్వు ఆయన్ని వదల్లేదా?"

"వదల్లేదు."

"ఈ మాట నాకప్పుడే చెప్పకపోయేవా అక్కా." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "నేను అప్పుడూ వచ్చేదాన్నే. కాలవ మొగుణ్ణి మింగినా నువ్వు వదల్లేదంటే ఇంకా ముందే వచ్చేదాన్ని. ఇంతమందిని మాత్రం దిబ్బ దింపేదాన్ని కాదు."

యేసమ్మ గట్టు మీదికి పరుగెత్తి, పాక గుమ్మంలోంచి అరిచింది. ప్రార్థన ఆగిపోయింది. క్రీస్తుదాసు పంతులుగారూ మిగతా మగవాళ్లూ పరిగెత్తుకొచ్చి ఒడ్డున నిలబడ్డారు. నిలబడి ఏం చేస్తారు, పొలం పనివాళ్లు, పేటలో ఎవరికీ దోనె లేదు, గెడ పట్టడం రాదు. ఉన్న దోనె ఇదొక్కటే. సగం దారిలో నడిమి దిబ్బ ఉందని, అక్కడ కిక్కిస గుబురుగా ఉంటుందని, వాళ్లని అక్కడ ఆపి దోనెలు పొదలకి కట్టేయిస్తే బతుకుతారని మంగతాయారు చెప్పింది. వీపున బిడ్డని విప్పి విక్టోరియా చేతుల్లో పెట్టింది. ఇన్నేళ్లూ పేటలో ఎవరి చేతికీ చేప కూడా అందించని మనిషి. దోనెని వెనక్కి తిప్పింది.

"నేను చెప్తే ఇంక వినరు" అంది. "ఆగమంటే పిచ్చెక్కిందంటారు. ఇది యేసమ్మక్క చెప్పిన మాటే అని చెప్పేను నేను. నువ్వే వచ్చి చెప్పాలి."

"యేసమ్మా!" అని విక్టోరియా బిడ్డతో నీళ్ల అంచుదాకా వచ్చింది.

యేసమ్మ దోనె ఎక్కింది. పాపారావు పోయాక ఆమె పడవన్నది ఎక్కలేదు. అడుగున కూర్చుంది, రెండు వైపులా పట్టుకుంది. దూరంగా ఎక్కడో పాట వినిపించింది. ముందు తమ పాకలోదే అనుకుంది. కాదు, పాకలో ఎవరూ పాడటం లేదు. నీళ్ల మీది నుంచి వస్తోంది. రాగం తెలీదు, మాటలు సరిగా రావు, ఒక్క పేరునే మళ్లీ మళ్లీ అంటున్నారు, ముసలి గొంతులూ పసి గొంతులూ కలిపి. ఎంత ధైర్యంగా అంటున్నారో. దక్షిణపు గాలి మొదటి విసురు మొహాన కొట్టింది, పాట తెగిపోయింది, మళ్లీ వచ్చింది. మంగతాయారు గెడని లోతుగా గుచ్చి ఒళ్లంతా వాల్చి తోసింది.

"భయమేత్తందా అక్కా?"

"వేస్తోంది."

"ఆయన ఉన్నాడా మరి?"

నీళ్లు దోనె అంచు దాటి యేసమ్మ ఒళ్లో పడ్డాయి. ఆమె దోసిళ్లతో తోడి బయట పోసింది.

"ఉన్నాడు" అంది.

మంగతాయారు పాట వస్తున్న వైపుకి దోనె తిప్పింది.